గుడ్డ వెనక బొమ్మ

పెయింటరు జయన్నకు లోకంలో రెండే భయాలు. ఒకటి దూదిపొడి, రెండోది చెన్నకేశవులు శెట్టి. నిదానంగా ఆలోచిస్తే రెండూ ఒకటే. శెట్టికి కోపం వస్తే పని పోతుంది, పని పోతే పత్తిమిల్లుకు పోవాలి, మిల్లుకు పోతే దూదిపొడి. ఆ పొడి సంగతి ఆదోనిలో ఒకరు ఇంకొకరికి చెప్పనక్కరలేదు. జయన్న తండ్రి యేసేపు గింజలు తీసే మిషను ముందర ఏళ్ళ తరబడి నిలబడ్డాడు. కడపటి కాలంలో పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. కూర్చునే పోయాడు కూడా.

జయన్న బతుకు కూడా ఆ మిల్లులోనే మొదలైంది. నొక్కి కట్టిన దూది బేళ్ళ మీద నల్లరంగుతో మార్కులు వేసే పని. చేతి దురద ఊరుకుంటుందా? ఒకరోజు ఒక బేలు మీద మార్కు పక్కనే మేస్త్రీ తిమ్మప్ప మీసాలు వేశాడు. అవి మామూలు మీసాలు కావు, మనిషికంటే ముందు గుమ్మంలోకి వచ్చే రకం. మిల్లంతా కడుపు చెక్కలయ్యేట్టు నవ్వింది, మేస్త్రీ ఒక్కడు తప్ప. ఆ నవ్వు చెన్నకేశవులు శెట్టి చెవినపడింది. శెట్టి ధాన్యం వ్యాపారం అన్నదమ్ములకు వదిలేసి గుడారపు సినిమా పెట్టుకున్న మనిషి. బొమ్మలు వేసేవాడు కావాలని వెతుకుతున్నాడు. జయన్న మిల్లు గేటు దాటి బయటికొచ్చి, మళ్ళీ వెనక్కి తిరిగి చూడలేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. శెట్టి గుడారం ఆదోని మిల్లులు దాటాక ఉన్న బయలులో వేసి ఉండేది. ప్రచారానికి ఒంటెద్దు బండి, బండి మీద వెదురు చట్రం, చట్రానికి జయన్న వేసిన బొమ్మల గుడ్డ. గుడ్డకు రెండు వైపులా బొమ్మలుంటాయి. ముందువైపు ఇప్పుడు ఆడుతున్న సినిమా, వెనకవైపు రాబోయే సినిమా. ఆట మారే ముందు గుడ్డను తిప్పి కట్టుకుని, తప్పెట కొట్టే దుర్గప్ప ఊళ్ళ మీద పడతాడు. కోసిగి నుంచి హొళగుంద దాకా పిల్లాజెల్లాకు తెలిసిన సంగతే ఇది. గుడ్డ వెనక ఏముంటే శుక్రవారం తెర మీద అదే ఉంటుంది. ఒక్కసారి కూడా మాట తప్పలేదు.

ఇక బొమ్మల కథ సంగతి చెప్పాలి. మద్రాసు నుంచి ఒక మాసపత్రిక వచ్చేది. అందులో ‘నల్లబురుజు’ అని పేజీలకు పేజీలు బొమ్మల కథ. బొమ్మ కింద రెండు వాక్యాలు, అంతే. చదువు రానివాడు కూడా బొమ్మలు చూసుకుంటూ పోవచ్చు. జయపాలుడని ఒక రాజకుమారుడు, సునంద అని వాడి చెల్లెలు, నల్లబురుజులో ఉండే కంకాళుడనే మాంత్రికుడు. ఆ బురుజు బొమ్మ అచ్చం ఆదోని కోటకొండ మీది బురుజులాగే ఉందని ఆదోని వాళ్ళ పట్టుదల. బొమ్మలు వేసినవాడు ఈ దిక్కు మొహం చూశాడో లేదో ఎవరికీ తెలియదు, అయినా కథ మాదేనన్నారు. ఎమ్మిగనూరు మగ్గాల ఇళ్ళలో ఒకే పుస్తకం వీధి వీధంతా తిరిగి, చివరి ఇంటికి చేరేసరికి అట్ట ఊడిపోయి ఉండేది.

ఇది సినిమా తీస్తే ఎట్లుంటుంది! టీకొట్టు దగ్గర ఇదే మాట. జయపాలుడి వేషం ఎవరు కట్టాలని రెండు జట్లుగా విడిపోయి చొక్కాలు పట్టుకున్నవాళ్ళున్నారు. కంకాళుడి విషయంలో మాత్రం తగాదా లేదు. మా మిల్లు మేస్త్రీ తిమ్మప్ప ఉండగా మద్రాసులో వెతకడం దేనికన్నారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సినిమా లేదు, తీసేవాడు లేడు, వేషాలు మాత్రం పంచేసుకున్నారు.

అంతలో పత్రిక ఆగిపోయింది. ఎందుకు ఆగిందో మద్రాసు వాళ్ళు చెప్పలేదు. చివరి సంచికలో కంకాళుడు సునందను ఎండిన బావిలోకి తోసి, కాలువ గట్టు మీద నిలబడి తూము ఎత్తాడు. నీళ్ళు సునంద గొంతు దాకా వచ్చాయి. ఆ బొమ్మతో ఆఖరు. అన్న జయపాలుడు ఎక్కడో ఏడు తలుపుల వెనక బందీగా ఉన్నాడు. చూస్తూ చూస్తూ పిల్లను నీళ్ళలో వదిలేసి పత్రిక మూసుకున్నారు, పాపం అనిపించలేదేమో. జయన్న భార్య మేరి చదువుకోలేదు. ప్రతి నెలా జయన్న చదివి చెబుతుంటే వినేది. ఆ పిల్ల సంగతి తేలక ఆమెకు అన్నం సయించేది కాదు. “ఏమయ్యా, ఆ పిల్ల ఇంకా నీళ్ళలోనే ఉందా?” అని నెలల తరబడి అడుగుతూనే ఉంది. జయన్న కూడా ఆ పిల్లను పైకి తెచ్చే దారి వెతికి వెతికి ఓడిపోయాడు.

అట్లాంటి రోజుల్లో శెట్టి కొత్త గుడ్డ తెప్పించాడు. జయన్న ముందువైపు బొమ్మ పూర్తిచేశాడు. వెనకవైపు వేయాలంటే రాబోయే సినిమా పేరు, పెట్టెలు పంపే బళ్ళారి కంపెనీ నుంచి ఇంకా రాలేదు. డబ్బాల్లో రంగు మిగిలింది, ఎదురుగా తెల్లటి గుడ్డ ఉంది. ఊరికే వేసుకుందాం, మేరికి చూపించి పొద్దున సున్నం పూసేద్దాం అనుకున్నాడు. ఆ సాయంత్రం అతని చేతికి ఎక్కడలేని ఊపు వచ్చింది. బావి వేశాడు, గొంతు దాకా నీళ్ళలో సునందను వేశాడు, గట్టు మీద కంకాళుణ్ణి వేసి, తనను తాను ఆపుకోలేక తిమ్మప్ప మీసాలు తగిలించాడు. పైన పెద్ద అక్షరాలతో ‘నల్లబురుజు’ అని రాశాడు. తెల్లారేసరికి చలిజ్వరం వచ్చి మంచాన పడ్డాడు. గుడ్డ సంగతి గుడ్డకే వదిలేశాడు.

జ్వరం దిగి గంజి తాగిన గురువారం సాయంత్రం మేరి బిందెతో పరుగున లోపలికి వచ్చింది. నీళ్ళు సగం చీర మీదే ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది.

“ఎంత గుట్టయ్యా నీకు! నాతో ఒక్క మాటన్నా సెప్పకపోతివే. రేపే అంట కదా!”

“ఏంది రేపు?”

“నల్లబురుజు సినిమా! ఊరూరా దండోరా ఏసినారు. కొళాయి కాడ ఇదే మాట. ఎమ్మిగనూరు నుంచి మా పిన్నమ్మోళ్ళు గూడ వస్తాండారు. సునంద బతికిందా లేదా రేపు తెలుస్తాదంట.”

జయన్నకు ఒళ్ళు మళ్ళీ కాలింది. ఈసారి జ్వరం కాదు. గంజి గిన్నె పక్కన పెట్టి, చొక్కా కూడా వేసుకోకుండా గుడారం దిక్కు నడిచాడు. 

దుర్గప్ప అప్పుడే హొళగుంద దిక్కు నుంచి బండి తోలుకుని వచ్చి దిగుతున్నాడు. చట్రానికి వెనకవైపు తిప్పి కట్టిన గుడ్డ సాయంకాలపు ఎండలో మెరిసిపోతోంది. సునంద గొంతు దాకా నీళ్ళలోనే ఉంది.

“రాప్పా జయన్నా! ఏం బొమ్మ ఏసినావప్పా!” అన్నాడు దుర్గప్ప. “నాకు సదువు రాకపోయినా, బొమ్మ సూస్తూనే గుర్తుపట్టినా. తప్పెట పగిలేట్ల కొట్టినా. పత్తికొండ తట్టు కూడా పోయొచ్చినా. బండ్లు కట్టుకోని వస్తాండారు జనం.”

“దుర్గన్నా, అది సినిమా కాదన్నా. నేను ఊరికే ఏసుకున్నా.”

దుర్గప్ప నవ్వబోయి, జయన్న మొహం చూసి ఆగిపోయాడు. “గుడ్డ ఎనక ఏసినావు కదప్పా” అన్నాడు చిన్నగా. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. గుడ్డ వెనక ఉన్నది వస్తుంది, అది ఈ దేశంలో అందరికీ తెలిసిన మాట. ఆ మాటను తప్పించింది జయన్నే.

పెట్టె కోసం బళ్ళారి పోయి, ఉత్తచేతులతో అప్పుడే తిరిగొచ్చిన శెట్టి అంతా విన్నాడు. అరుస్తాడనుకుంటే అరవలేదు, దానికే జయన్నకు ఎక్కువ భయం వేసింది. గుడారం నడిమి రాటను పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. గతంలో ఒక ఊళ్ళో సినిమా పెట్టె వేళకు అందక జనం గుడారం తగలబెట్టారు. ఆ రోజు శెట్టి కట్టుపంచెతో గడ్డివామి వెనక దాక్కున్నాడు. ఆ మంటల వేడి ఇంకా మొహం మీద ఉన్నట్టే చెంప రుద్దుకున్నాడు.

“ఇప్పుడు మళ్ళీ బండి పంపి కాదని సెప్పినా ఎవరు ఇంటారు? దోవలో ఉన్నోళ్ళకు ఎవరు సెప్తారు?” అన్నాడు. “నువ్వే నిలబడల్ల జనం ముందర. ఏం సేస్తావో నాకు తెల్దు. గుడారానికి ఒక్క సిరుగు పడినా, తెర మీద ఒక్క మరక పడినా, ఈ తాలూకాలో నువ్వు మళ్ళా కుంచె పట్టవు. నేనే నీ సెయ్యి పట్టుకోని మిల్లు గేటు కాడ దించొస్తా.”

తెర అంటే శెట్టికి ప్రాణం. ఎమ్మిగనూరులో అడిగి మరీ నేయించిన గుడ్డ. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. దుమ్ము పడితే తనే మెత్తటి బట్టతో దులిపేవాడు.

జయన్నకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంటికి పోయి మేరికి నిజం చెప్పాడు. ఆమె మొహంలో వెలుగు ఆరిపోవడం చూశాడు, అది శెట్టి మాటలకంటే బాధగా ఉంది. “అయితే ఆ పిల్ల ఇంకా ఆడనే ఉందా?” అని మాత్రం అంది.

తెల్లవారగానే మిషను నడిపే శేషన్న దగ్గరికి పోయాడు. శేషన్న మాట్లాడడు. ఎన్ని సినిమాలు తిప్పినా ఒక్కటీ బాగుందని అన్నవాడు కాదు. సినిమాకు ముందు ఊళ్ళోని సోడా దుకాణం, బట్టల దుకాణం ప్రకటనలు అద్దపు పలకల మీద జయన్న వేస్తే, శేషన్న వాటిని మిషను దీపం ముందర పెట్టి తెర మీదికి పంపిస్తాడు. కథను అట్లా పలకల మీద వేస్తానని జయన్న చెప్పాడు. శేషన్న ఏమీ అనకుండా ఉన్న పలకలన్నీ తెచ్చి ముందర పెట్టాడు. పాత ప్రకటనలు కిరసనాయిలుతో తుడిచి కూర్చున్నాడు జయన్న. తల దిమ్ముగా ఉంది, చెయ్యి ఆగడం లేదు. పొద్దంతా గీశాడు. గుర్రం, కోట, ఏడు తలుపులు, కంకాళుడు. ఆఖరికి బావి. సునంద మొహం బావి నీడలో కలిసిపోతూ ఉంటే, ఆమెను వేరే సన్నటి పలక మీద నిలువెత్తునా వేసి, గొంతు కిందంతా బావి పలక మీది నీళ్ళ నలుపులో మరుగయ్యేట్టు రెండు పలకలనూ జోడించి దారంతో కట్టాడు. అక్కడితో కథ అయిపోయింది. ఆ తర్వాత ఏం వేయాలో తోచలేదు. ఒక తెల్ల పలక మిగిలింది. దాన్ని చేతిలో పట్టుకుని, బయట బండ్ల చప్పుడు వింటూ కూర్చున్నాడు.

పొద్దు గుంకేసరికి బయలంతా జనం. విప్పిన ఎద్దులు, ఎత్తిన కాడిమాన్లు, చద్దిమూటలు, ఏడ్చే పిల్లలు. తెలుగూ కన్నడమూ కలిసి ఒకటే గోల. నేల నిండిపోయింది, బెంచీలు నిండిపోయాయి, ఆడవాళ్ళ వైపు అడ్డం కట్టిన గుడ్డ జనం తోపుడుకు ఉబ్బిపోయి ఉంది. కుర్చీల వరసలో మేస్త్రీ తిమ్మప్ప కూర్చుని మీసం సవరించుకుంటున్నాడు. జయన్న అతన్ని చూసి ఇంకొంచెం చల్లబడ్డాడు. ఆ మీసాలు గుడ్డ మీద ఊరూరా తిరిగొచ్చాయి కదా.

దీపాలు ఆరాయి. తెర మీద కోట బొమ్మ పడింది. ఈలలు, చప్పట్లు. ఆ చప్పట్లు ఆగేదాకా బొమ్మ కోటగానే ఉంది. కదలలేదు. మాట్లాడలేదు.

“కదలదేమిరా?”

“ఓ శేషన్నా, మిషను తిప్పు!”

జయన్న పొడుగు కర్ర పట్టుకుని తెర పక్కకు వచ్చాడు. “అన్నలారా, అమ్మలారా, కథ నేను సెప్తాను” అని మొదలుపెట్టాడు. వెనక బెంచీల నుంచి నవ్వులు, ఒక బూతుమాట. అయినా చెప్పాడు. మేరికి చెప్పినట్టే చెప్పాడు. మేరి ముందర ఏ మాటకు గొంతు తగ్గించేవాడో అక్కడే తగ్గించాడు. గుర్రం చచ్చిపోయే చోట గోల సగం అణిగింది. ఏడో తలుపు మూతపడే చోట మొత్తం ఆగింది. పలక వెనక పలక పడుతోంది. ఎన్ని మిగిలాయో జయన్నకు తెలుసు, జనానికి తెలియదు. వాళ్ళు మెత్తబడేకొద్దీ అతనికి భయం పెరిగింది.

బావి వచ్చింది. గొంతు దాకా నీళ్ళలో సునంద. ఆడవాళ్ళ వైపు “అయ్యో” అన్నారు. జయన్న కర్ర దించాడు. అబద్ధం చెబుదామా అని ఒక క్షణం అనుకున్నాడు. ఇంతమంది ఇన్ని దూరాల నుంచి ఆ పిల్ల కోసం వచ్చారు. నోరు రాలేదు.

“కథ ఇంతవరకే ఉంది” అన్నాడు. “పత్రిక నిల్చిపోయింది. సినిమా ఎవరూ తియ్యలేదు. గుడ్డ మీద నేనే ఏసుకున్నా. తప్పు నాది. దుర్గన్నది కాదు, సావుకారిది కాదు.”

అంతా ఒకేసారి అయింది. బెంచీలు తిరగబడ్డాయి. ఎవరో గుడారం మేకు పీకారు, ఒక పక్క గుడ్డ జారింది. రాయి ఒకటి వచ్చి జయన్న పక్కనున్న పెట్టె మీద పడి, మిగిలిన ఆ ఒక్క తెల్ల పలక ముక్కలైంది. “మోసం!” అన్న కేక నేల మీద నుంచి లేచి కుర్చీల దాకా పాకింది. “అగ్గిపెట్టె తీయండ్రా” అని ఎవరో అన్నారు. ఆ మాట వినగానే శెట్టి రెండు చేతులూ చాచి తెర ముందర నిలబడ్డాడు. శేషన్న మాత్రం మిషను దగ్గర నుంచి కదలలేదు. సునంద బొమ్మ అట్లాగే తెర మీద, సగం శెట్టి చొక్కా మీద పడుతూ ఉంది.

అడ్డం గుడ్డను లాగి పారేసి ఒక ముసలామె ముందుకొచ్చింది. హొళగుంద తిప్పమ్మ. చేతిలో ఎద్దులు తోలే చెర్నాకోల.

“యాయ్, నిల్లండ్రా!” అని ఒక్క అరుపు అరిచింది. పక్కనున్న కుర్రాళ్ళు చెర్నాకోల చూసి తగ్గారు. ఆమె జయన్న వైపు తిరిగింది. “నువ్వేనేమప్పా బొమ్మ ఏసినోడు?”

“నేనేనమ్మా.”

“గుడ్డ మీద ఏసినావు, అద్దాల మీద ఏసినావు. ఆడపిల్లను బాయిలో ఇడిసిపెట్టి మేము ఎట్ల ఇండ్లకు పోవల్ల? ఏసినోనివి నువ్వు, తియ్యాల్సినోనివి నువ్వే. ఎయ్యి మిగిలింది.”

“ఎయ్యి! ఎయ్యి!” అని వెనక నుంచి అందుకున్నారు. అందులో కోపం పోలేదు, కానీ దానికొక దారి దొరికింది.

జయన్న పగిలిన పలక వైపు చూశాడు. అద్దం లేదు. వేయడానికి తెల్లగా మిగిలింది ఒక్కటే, శెట్టి వెనక ఉన్న తెర. శెట్టి కూడా అతని చూపు కనిపెట్టాడు. “వద్దు జయన్నా” అన్నాడు, “మిల్లే, సూసుకో” అన్నాడు. తండ్రి గోడకు ఆనుకుని ఊపిరి కోసం నోరు తెరిచిన మొహం జయన్నకు కనబడింది. పలకల పెట్టె దగ్గరున్న నల్లరంగు డబ్బాను, కుంచెను చేతికి తీసుకున్నాడు. అది ముంచితే ఇదే ఆఖరు ముంచడం. ముంచకపోతే గుడారం ఉండదు, ఎట్లా చూసినా మిల్లే. అయితే ఆ పిల్లనైనా తీసి పోదామనుకున్నాడు. కుంచె ముంచి, శెట్టిని భుజంతో పక్కకు నెట్టి, తెర మీద చెయ్యి పెట్టాడు.

పెట్టాడే గాని ఏం గీయాలి? జయపాలుడు బందీ. గుర్రం చచ్చింది. మంత్రం లేదు, రథం లేదు. నెలల తరబడి దొరకని దారి ఇప్పుడెక్కడ దొరుకుతుంది? కుంచె నుంచి నల్లరంగు ఒక చుక్క తెర మీద జారింది. వెనక గోల మళ్ళీ పెరుగుతోంది. నవ్వుతున్నారు. తిడుతున్నారు.

“ఏమయ్యో! కపిల తోలు దించయ్యా!”

ఆ గొంతు జయన్నకు తెలియనిది కాదు. ఆడవాళ్ళ మధ్య పీట మీద ఎక్కి నిలబడి ఉంది మేరి. ఆమె తండ్రి ఎమ్మిగనూరు దగ్గర ఒక రైతు పొలంలో కపిల తోలిన మనిషి. బావిలో పడిన మేకనో మనిషినో పైకి తెచ్చేది ఏదని ఆమెను అడిగితే, పుట్టినప్పటి నుంచి ఒకటే తెలుసు. నీళ్ళు తోడే పెద్ద తోలుసంచి, దానికి మోకు, మోకును లాగే జత ఎద్దులు.

జనం ఒక్కసారి గొల్లుమన్నారు. రాజకుమార్తెను కపిల తోలులోనా! కానీ నవ్వు సగంలోనే ఆగింది. ఎందుకంటే అక్కడున్నవాళ్ళలో ముప్పాతిక మంది కపిల తోలినవాళ్ళే.

“అవునప్పా, దించు! తోలు దించితే ఎక్కి కూసుంటాది.”

“ముందు గిలక పెట్టు, గిలక లేకుండా మోకు యాడ ఏస్తావు?”

జయన్న గిలక వేశాడు. మోకు గీశాడు. మిషను వెలుగులో అతని నీడ బావి మీద పడుతోంది, ఆ నీడలోంచి నల్లగీత ఒకటి సునంద దిక్కు దిగింది. సంచి వేశాడు. పైన ఎద్దులు వేయబోతే వెనక నుంచి తిట్లు వచ్చాయి.

“తలకాయ ఆ దిక్కు పెడితివే! బాయి దిక్కు తిరిగి లాగుతాయేమప్పా ఎద్దులు?”

ఎద్దులను తిప్పాడు. కొమ్ములు పొడుగు కావాలన్నారు, పొడుగు చేశాడు. వెనక మనిషి లేకుండా ఎద్దులు నడుస్తాయా అన్నారు. మనిషిని వేశాడు, తలగుడ్డతో, మోకు మీద కూర్చున్నట్టు. జయపాలుడా అని ఎవరో అడిగారు. “జయపాలుడు ల్యా, గియపాలుడు ల్యా, మనోడే” అంది తిప్పమ్మ. వేసేది అయిపోయింది. సంచి సునంద పక్కన ఉంది. సునంద నీళ్ళలోనే ఉంది. జయన్న కుంచె దించి వెనక్కి చూశాడు, ఇక తన చేతిలో ఏమీ లేదన్నట్టు.

నేల మీద ఒక రైతు ఎద్దులను అదిలించే కేక వేశాడు. పక్కవాడు అందుకున్నాడు. ఇంకొకడు. కపిల తోలేటప్పుడు వేసే ఆ కేక గుడారమంతా నిండింది. అప్పుడు శేషన్న, ఏనాడూ ఒక మాట అనని శేషన్న, మిషను దగ్గర వంగి, జోడు పలకల దారం తెంపి, సునంద ఉన్న సన్నటి పలకను వేలితో మెల్లగా జరిపాడు.

సునంద కదిలింది.

నీళ్ళలోంచి గొంతు, భుజాలు, చేతులు. మోకు వెంట పైకి. కేక వేస్తున్నవాళ్ళు కేక ఆపలేదు, ఆపితే మళ్ళీ జారిపోతుందేమోనని భయం. సునంద గిలక దాకా వచ్చి, అంచు దాటి, ఎద్దుల పక్కన నిలబడింది. అప్పుడు లేచిన అరుపుకు బయట కట్టేసిన ఎద్దులు పలుపులు తెంపుకున్నాయి. ఆడవాళ్ళు ఏడ్చారు. తిప్పమ్మ చెర్నాకోల చంకన పెట్టుకుని కళ్ళు తుడుచుకుంది. జయన్న కూడా ఏడ్చాడు, సిగ్గుపడలేదు. గుడారానికి చిరుగు పడలేదు. పీకిన మేకును పీకినవాడే మళ్ళీ కొట్టాడు.

దీపాలు వెలిగాక తెర మీద సునంద లేదు, బావి లేదు. గిలక, మోకు, తోలుసంచి, జత ఎద్దులు, తలగుడ్డ మనిషి మాత్రం ఉన్నారు. శెట్టి తడి ఆరని రంగు మీద వేలు పెట్టి చూశాడు. ఎంత కడిగినా పోదని అతనికి తెలుసు. “ప్రాణం కాపాడినావు, నిజమే” అన్నాడు. “కానీ మాట మాటే. మరక పడింది. నువ్వు పో.” కోపం లేకుండా అన్నాడు, అందుకే బతిమాలడానికి సందు దొరకలేదు. ఆ గుడారంలో తర్వాత ఆడిన ప్రతి సినిమాలోనూ, నాయిక తోటలో పాడుతున్నా, నాయకుడు ఉరికంబం ఎక్కుతున్నా, వాళ్ళ మీద నుంచి రెండు ఎద్దులు మోకు లాగుతూనే ఉండేవి. జనం అలవాటుపడిపోయారు.

సోమవారం పొద్దున జయన్న మిల్లు గేటు ముందర నిలబడ్డాడు. ముక్కుకు గుడ్డ కట్టుకొమ్మని మేరి పాత చీర పేలిక ఇచ్చింది. లోపల మిషన్లు మొదలయ్యాయి. తెల్లటి పొడి కిటికీల్లోంచి వచ్చి గేటు మీద వాలుతోంది. తిమ్మప్ప మేస్త్రీ బయటికి వచ్చాడు, ముందు మీసాలు, వెనక మనిషి.

“ఏం పని?”

“పని కోసమే వచ్చినా మేస్త్రీ.”

“నా మీసాలు కంకాళునికి పెట్టినావంట.”

జయన్న తల వంచుకున్నాడు. అబద్ధమాడే ఓపిక కూడా లేదు. “పెట్టినా” అన్నాడు.

“మొన్న సూస్తి. ఆ పిల్లను తీస్తివి, బాగుంది. మరి నేను?” తిమ్మప్ప గొంతు పెంచాడు. “నన్ను కాలువ గట్టు మీద నిలబెట్టి పోతివే! సచ్చినానా, బతికినానా? తూము నా సేతిలోనే ఉండాది. ఊర్లో అడగనోడు ల్యాడు. టీ తాగనీకి పోతే ‘కంకాళా, ఏమైతివి’ అంటాండారు.”

జయన్న పేలిక ముక్కుకు కట్టుకోబోయాడు. తిమ్మప్ప చెయ్యి చాచి దాన్ని లాగేసుకున్నాడు.

“మీ నాయనను ఈ గేటులోకి తీసుకున్నది నేనే” అన్నాడు. ఈసారి గొంతు తగ్గింది. “బయటికి మోసినోళ్ళలో కూడా నేను ఒకణ్ణి. నిన్ను తీసుకోను. ఈడ నీకు పని ల్యా, ఎన్నటికీ ల్యా. నడువు.”

నడువు అని తనే ముందు నడిచాడు. మిల్లు రోడ్డు మీద ఉన్న తన ఇంటి ముందర ఆగాడు. రోడ్డు వైపు గోడకు కొత్తగా సున్నం కొట్టి ఉంది, ఇంకా తడి వాసన వస్తోంది. గోడ కింద రంగు డబ్బాలు పెట్టి ఉన్నాయి.

“నా సంగతి తేల్చు” అన్నాడు తిమ్మప్ప. “ఈ రోడ్డున పోయే ప్రతివోడూ సూడల్ల. సూసినోళ్ళు వాళ్ళ గోడలకూ పిలుస్తారు, నాది పూచీ.”

జయన్న గోడ వైపు చూశాడు. కుంచె తీసుకుని అడిగాడు. “ఎట్ల తేల్చమంటావు మేస్త్రీ? సంపేదా?”

తిమ్మప్ప బాగా ఆలోచించాడు.

“సంపు” అన్నాడు. “మీసం మాత్రం తడవనీకు.”